ఆకుమడి లేనిదే ఉభాలెక్కడ?

పెద్ద జట్టు ఇంకా పుట్టనేలేదు. చిన్న జట్టు మాత్రం ఫైనల్‌కి వచ్చేసింది!

వినడానికి విడ్డూరంగా ఉన్నా ఇది నిజంగా జరిగిందే. అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరానికి చెందిన ఫుట్‌బాల్ క్లబ్బు 2023లో ఆ దేశపు పెద్ద లీగ్‌లో, అంటే మేజర్ లీగ్ సాకర్‌లో అడుగుపెట్టాలి. అంతకు ఏడాది ముందే ఆ క్లబ్బు కుర్రాళ్లను పోగేసి ‘సిటీ 2’ పేరిట ఓ జట్టు కట్టింది. దాన్ని 2022లో కొత్తగా మొదలైన ‘ఎంఎల్ఎస్ నెక్స్ట్ ప్రో’ లీగ్‌లో ఆడించింది. పేరులో ‘2’ ఉంది కానీ అప్పటికి ‘1’ లేదు. ఆ రెండో జట్టే తొలి ఏడాది ఫైనల్ దాకా వెళ్లింది.

తర్వాతి ఏడాది ఏం జరిగింది? అసలు జట్టు బరిలోకి దిగింది. మొదటి అయిదు మ్యాచ్‌లూ వరసగా గెలిచింది. సీజన్ పూర్తయ్యేసరికి పశ్చిమ విభాగంలో అగ్రస్థానం దానిదే. ఆకుమడి బాగుంటే ఉభాల గురించి బెంగ ఉండదని నెల్లిమర్ల రైతుకు ఎవరూ చెప్పక్కర్లేదు. సెయింట్ లూయిస్ క్లబ్బు చేసిందీ అదే.

ఓడినా పరవాలేదు... ఆడాలి

అసలేమిటీ లీగ్? పెద్ద క్లబ్బుల్లో ఓ చిక్కుంది. పదిహేడు, పద్దెనిమిదేళ్ల కుర్రాడు ఎంత బాగా ఆడినా మొదటి జట్టులో చోటు దొరకదు. ఓడితే అభిమానులు ఊరుకోరు, టిక్కెట్లు అమ్ముడుపోవు. అందుకని కోచ్ అనుభవం ఉన్నవాళ్లనే దింపుతాడు. కుర్రాడు బెంచీ మీదే కూర్చుంటాడు. ఆడకపోతే అనుభవం రాదు, అనుభవం లేకపోతే ఆడనివ్వరు. ఉద్యోగాల వేటలో ఉన్న మనింటి పిల్లలకూ తెలిసిన బాధే ఇది.

ఆ చిక్కుముడి విప్పడానికే ఈ రెండో జట్ల లీగ్. 2022 మార్చిలో 21 జట్లతో మొదలైంది. వాటిలో 20 పెద్ద క్లబ్బుల పిల్ల జట్లే. కెనడా నుంచి టొరంటో, వాంకోవర్ కూడా ఉన్నాయి. ఒక్కో జట్టుకు 24 మ్యాచ్‌లు. వాటి మీద ప్లేఆఫ్‌లు. అంటే సీజన్ పొడవునా వారం వారం కుర్రాళ్లకు అసలు సిసలు పోటీ అన్నమాట.

నిబంధనల్లోనూ ఓ తమాషా ఉంది. మ్యాచ్ సమమైతే చెరో పాయింటు తీసుకుని ఇంటికెళ్లిపోవడం కుదరదు. పెనాల్టీ షూటౌట్ ఆడాల్సిందే. గెలిచినవాళ్లకు ఇంకో పాయింటు. ఎందుకిలా? వేలమంది చూస్తుండగా ఒంటరిగా నడిచొచ్చి పెనాల్టీ కొట్టడం సాధనలో వచ్చే విద్య కాదు. దానికి అసలు మ్యాచే కావాలి. ఆ గుండెదడ చిన్నప్పుడే అలవాటైపోవాలని ఈ ఏర్పాటు.

ఆ ఏడాది అక్టోబరులో జరిగిన ఫైనల్లో సెయింట్ లూయిస్‌ని 4-1తో ఓడించి కొలంబస్ క్రూ 2 తొలి విజేత అయ్యింది. ఆ జట్టులో జేసన్ రసెల్-రో అనే కెనడా కుర్రాడు గోల్స్ వరద పారించి లీగ్‌లోనే ఉత్తమ ఆటగాడయ్యాడు. పెద్ద జట్టు అతణ్ని పైకి తీసుకుంది. 2023లో పెద్ద లీగ్ కప్పు కొలంబస్‌దే. రెండో జట్టును గెలిపించిన కోచ్ లారెంట్ కోర్ట్వాకూ ప్రమోషన్ దొరికింది. 2024లో ఆయన మాంట్రియల్ పెద్ద జట్టుకు కోచ్‌గా వెళ్లారు. ఆటగాళ్లే కాదు, కోచ్‌లూ అక్కడే తయారవుతున్నారు!

పీలే వచ్చినా నిలవలేదు

అమెరికా ఈ దారి పట్టడం వెనక ఓ చేదు అనుభవం ఉంది. అక్కడ 1970ల్లో ‘నార్త్ అమెరికన్ సాకర్ లీగ్’ ఉండేది. న్యూయార్క్ కాస్మోస్ క్లబ్బు బ్రెజిల్ నుంచి పీలేని, జర్మనీ నుంచి బెకెన్‌బాయర్‌ని డబ్బు గుమ్మరించి తెచ్చుకుంది. స్టేడియాలు కిటకిటలాడాయి. కానీ ఆ తారలు వెళ్లిపోయాక వాళ్ల స్థానంలో నిలబడగల సొంత కుర్రాళ్లు తగినంతమంది లేరు. ఖర్చులు పెరిగాయి, జనం తగ్గారు. 1984 సీజన్‌తో ఆ లీగ్ మూతపడింది. పెద్ద లీగ్ మళ్లీ మొదలవడానికి 1996 దాకా ఆగాల్సి వచ్చింది.

ఇదే కాస్మోస్ జట్టుకూ మన తెలుగునేలకూ ఓ చుట్టరికం ఉంది. 1977 సెప్టెంబరులో పీలేతో సహా కాస్మోస్ కోల్‌కతా వచ్చి ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్‌తో ఆడింది. మ్యాచ్ 2-2తో సమం. బగాన్ తరఫున గోల్ కొట్టిన ఇద్దరిలో ఒకరు మహమ్మద్ హబీబ్. పక్కా హైదరాబాదీ. పీలే ఉన్న జట్టుకు దీటుగా నిలిచిన ఆ ఆటగాడు ఏ పెద్ద అకాడమీలోనూ పుట్టలేదు. హైదరాబాద్ వీధుల్లో, మైదానాల్లో రాటుదేలాడు. ఆ మైదానాల వెనక ఓ బడిపంతులు ఉన్నారు.

డ్రిబ్లింగ్ చేస్తే ఊరుకోరు!

ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. అందరికీ ‘రహీం సాబ్’. 2024లో వచ్చిన ‘మైదాన్’ సినిమా ఆయన కథే. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన కోచ్‌గా భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు సాధించింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. మెల్‌బోర్న్ వెళ్లిన ఆ జట్టులో హైదరాబాదీలు అరడజనుకు పైగానే ఉన్నారు. ఇవన్నీ చాలామందికి తెలిసిన సంగతులే. అంతగా ప్రచారంలో లేనిది ఆయన పిల్లల కోసం పెట్టిన పోటీల గురించి.

రహీం సాబ్ డ్రిబ్లింగ్ నిషేధించి ఒక టోర్నమెంటు పెట్టేవారు. బంతి కాలికి తగలగానే పక్కవాడికి అందించాలి. సొంత విన్యాసాలు కుదరవు. దాంతో పిల్లలకు తలెత్తి చూసి ఆడటం వచ్చేది. ఇంకో పోటీలో వాటం లేని కాలితోనే ఆడాలి. కుడికాలి వాటం పిల్లాడు ఎడమకాలితో తన్నాలన్నమాట. మొదట నవ్వులపాలయ్యేవారు. కొన్నాళ్లకు రెండు కాళ్లూ ఒకేలా పలికేవి. అయిదుగురు, ఏడుగురేసి ఆడే చిన్న జట్ల పోటీలూ ఉండేవి. తక్కువమంది ఉంటే ప్రతి ఒక్కరికీ బంతి ఎక్కువసార్లు అందుతుంది కదా.

అమెరికా 2022లో షూటౌట్ నిబంధనతో చేసింది, రహీం సాబ్ ఎన్నో దశాబ్దాల ముందే చేసి చూపించారు. పిల్లాడికి ఏం రావాలో చూసుకుని ఆట నిబంధనల్నే దానికి తగ్గట్టు మార్చడం. ఆ విద్యకు పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరామ్ నిరుపేద కుర్రాడు. సాధనకు రావడానికి దారి ఖర్చులకూ డబ్బుల్లేకపోతే, సైకిలు అద్దెకు రహీం సాబే ఇచ్చేవారని బలరామ్ తర్వాతి రోజుల్లో గుర్తుచేసుకునేవారు. ఆ సైకిలు అద్దె ఊరికే పోలేదు. బలరామ్ రెండు ఒలింపిక్స్ ఆడారు, జకార్తా స్వర్ణంలో భాగమయ్యారు.

1963లో రహీం సాబ్ కన్నుమూశారు. ఆయన పెంచిన తరం ఉన్నంతకాలం ఆ ఊపు కనిపించింది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఆ తర్వాత మంచి ఆటగాళ్లు ఒక్కొక్కరుగా కోల్‌కతా బాట పట్టారు. వాళ్ల వెనక కొత్తవాళ్లు రావడం తగ్గిపోయింది.

కప్పు వచ్చింది, క్లబ్బు పోయింది

ఇటీవలి కథ చూడండి. 2022 మార్చిలో హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్ విజేత అయ్యింది. ఊరంతా సంబరపడింది. ఏం లాభం? ఆర్థిక ఇబ్బందులు చుట్టుముట్టాయి. 2025లో ఆ క్లబ్బు పేరు మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది. కప్పు గెలిచి నాలుగేళ్లు కూడా తిరగలేదు.

మన దేశంలోనూ కుర్రాళ్ల లీగ్ వచ్చింది. రిలయన్స్ ఫౌండేషన్ డెవలప్‌మెంట్ లీగ్ 2022 ఏప్రిల్‌లో గోవాలో మొదలైంది. హైదరాబాద్ సహా ఎనిమిది జట్లు. బెంగళూరు విజేత. అయితే తొలి సీజన్లో ఒక్కో జట్టు ఆడింది ఏడు మ్యాచ్‌లే. అదే ఏడాది అమెరికా కుర్రాళ్లకు దక్కినవి 24. తేడా ప్రతిభలో కాదు, అంకెల్లో ఉంది. తర్వాతి ఏడాది దీన్ని ప్రాంతాలవారీగా విస్తరించారు. అది మంచి మాటే. కానీ ఆ నిచ్చెన కింది మెట్టు మన మండలాల దాకా దిగిరావాలి.

కొండవెలగాడ చెప్పే పాఠం

మండలం దాకానా? అది అయ్యే పనేనా అనిపించొచ్చు. ఇంకో ఆటలో అయ్యింది మరి! నెల్లిమర్ల మండలంలోని కొండవెలగాడను చూడండి. వెయిట్‌లిఫ్టర్ల ఊరని దానికి పేరు. ఆ ఊరి అమ్మాయి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో 188 కిలోలు ఎత్తింది. మొదట కాంస్యం అన్నారు. నైజీరియా విజేత డోపింగ్‌లో దొరికిపోవడంతో అది రజతమైంది. ఈ పక్కనే శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలసలో సాధన చేసిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిందంటే, ఆ వెనకా ఊళ్లో ఓ వ్యాయామశాల, ఓ గురువు ఉన్నారు.

పండగలకు సంగిడి రాళ్లెత్తే పోటీలు ఉత్తరాంధ్రకు పాతవే. ఊళ్లో అక్క ఎత్తుతుంటే చెల్లి చూస్తుంది. తర్వాత తనూ ఎత్తుతుంది. ఊరి పోటీ, జిల్లా పోటీ, రాష్ట్ర పోటీ... మెట్లన్నీ కళ్లముందే ఉంటాయి. అందుకే అక్కడ ఒక్కరితో ఆగలేదు.

ఫుట్‌బాల్‌కి ఆ మెట్లు వేయడానికి స్టేడియం కట్టాల్సిన పన్లేదు. నాలుగు హైస్కూళ్లు, ఓ మైదానం, ఓ ఈల, ఓ పాయింట్ల పట్టిక చాలు. ఏడుగురేసి జట్లు. నాకౌట్ వద్దు. నాకౌట్‌లో మొదటి రోజు ఓడిన జట్టు ఆ ఏడాదికి ఇంటికే. నిజానికి ఎక్కువ మ్యాచ్‌లు కావాల్సింది ఆ ఓడిన పిల్లలకే. లీగ్‌లో అయితే ఈ ఆదివారం ఓడినవాడికి వచ్చే ఆదివారం ఉంటుంది. అనంతపురంలో ఆర్‌డీటీ సంస్థ పల్లె పిల్లలకు ఫుట్‌బాల్ లీగ్ నడిపి, అది మన దగ్గరా సాధ్యమేనని చూపించింది.

ఇంట్లో పెద్దవాళ్లు చేయాల్సిందీ ఒకటుంది. ఆడి వచ్చిన పిల్లాణ్ని గుమ్మంలోనే ఆపి ‘గెలిచావా?’ అని అడుగుతాం. ఈసారి ‘మళ్లీ మ్యాచ్ ఎప్పుడు?’ అని అడిగి చూడండి. దానికి వాడి దగ్గర జవాబు ఉందంటే, మన ఊళ్లో ఆకుమడి మొలకెత్తినట్టే.