ఆట మందవుతుందా?

మా తమ్ముడికి పదేళ్లు. లెక్క మొదలుపెడితే మూడో మెట్టు దగ్గర పెన్సిల్ కింద పడుతుంది. పెన్సిల్ కోసం వంగినవాడికి మంచం కింద బంతి కనిపిస్తుంది. ఇక లెక్క అక్కడే ఆగిపోతుంది. మా అవ్వ "వానికి గ్యానం ఒకచోట నిలవదు" అంటుంది. నాన్న తెలుగులో తిడతాడు, అమ్మ కన్నడంలో తిడుతుంది. అలా రెండు భాషల్లోనూ వాడికి సోమరి అనే పేరొచ్చింది. పోయిన ఏడాది పిల్లల మానసిక వైద్యురాలు చూసి ఏడీహెచ్‌డీ అని చెప్పాకే అది వాడి తప్పు కాదని మాకు తెలిసింది.

ఆ తర్వాత అమ్మ ఫోన్ నిండా ప్రకటనలే. "రోజూ ఈ ఆట ఆడిస్తే చాలు, ఏకాగ్రత పెరుగుతుంది, మందులు అక్కర్లేదు" అని ఒక యాప్ వాళ్లు వారం రోజులు ఉచితంగా ఇచ్చారు. వారం కాగానే ఏడాది డబ్బు ఒకేసారి కట్టమన్నారు. అది నా కాలేజీ ఫీజు కంటే ఎక్కువ. అమ్మ కట్టేద్దామంది. నేను మాత్రం, ముందు చదివి చూద్దాం అన్నాను.

చదివితే తెలిసింది, ఆటతో చికిత్స అనేది ఒట్టి మోసం కాదని. అమెరికాలో ఎండెవర్ ఆర్ఎక్స్ అనే వీడియో గేమ్‌కి 2020 జూన్‌లో అక్కడి ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. అప్పట్లో 8 నుంచి 12 ఏళ్ల పిల్లలకు డాక్టరు చీటీ మీద ఇచ్చేలా అనుమతి పొందిన ఆట అది. పిల్లవాడు ట్యాబ్లెట్‌ని అటూ ఇటూ వంచి బండి నడపాలి, అదే సమయంలో చెప్పిన గుర్తు కనబడితేనే తాకాలి. వాడు బాగా ఆడేకొద్దీ ఆట కష్టమవుతుంది. రోజుకు 25 నిమిషాలు, వారానికి 5 రోజులు, 4 వారాలు.

348 మంది పిల్లలతో దాన్ని పరీక్షించారు. సగం మందికి ఈ ఆట, మిగతావాళ్లకు మామూలు పదాల ఆట ఇచ్చారు. కంప్యూటర్ మీద ఏకాగ్రతను కొలిచే పరీక్షలో మొదటి గుంపు పిల్లలే మెరుగయ్యారు. కానీ ఇంట్లో, బడిలో పిల్లవాడు ఎలా ఉన్నాడని తల్లిదండ్రులను అడిగితే, రెండు గుంపుల వాళ్లూ కొంచెం బాగున్నాడనే చెప్పారు. తేడా పెద్దగా లేదు. నన్ను ఆపిన విషయం ఇదే. స్కోరు పెరగడం వేరు, సోమవారం హోంవర్క్ పూర్తవడం వేరు. పైగా ఆ ఖర్చు పెట్టి పరీక్ష చేయించింది ఆ ఆట తయారుచేసిన కంపెనీయే. ఎఫ్‌డీఏ కూడా దీన్ని డాక్టరు చికిత్స, మందులు, చదువులో సాయం లాంటివాటితో కలిపి వాడమనే చెప్పింది. వాటి బదులు వాడమని చెప్పలేదు.

ఇంత పరీక్ష జరిగిన ఆటే "మందులు అక్కర్లేదు" అని చెప్పనప్పుడు, ఏ పరీక్షా చూపించని యాప్ ఆ మాట ఎలా అంటుంది? నా కోపమంతా ఆ ఒక్క మాట మీదే. డాక్టరు రాసిన మందంటే అసలే భయపడే తల్లి ఆ మాట నమ్మి మాత్ర ఆపేస్తే, పోయేది డబ్బు మాత్రమే కాదు.

"డాక్టరే దొరకని ఊళ్లో ఏదో ఒకటి నయం కదా" అని నా స్నేహితురాలు అడిగింది. న్యాయమైన ప్రశ్నే. నేను స్క్రీన్ వద్దనడం లేదు. డబ్బు కట్టే ముందు మూడు సంగతులు అడగమంటున్నా. దీన్ని ఎంతమంది పిల్లల మీద పరీక్షించారు? దేనితో పోల్చారు? మెరుగైంది ఆటలో స్కోరా, పిల్లవాడి రోజా? జవాబు రాకపోతే అది వట్టి ఆటే. ఆటగా ఆడుకోవచ్చు, మందు ధర కట్టక్కర్లేదు.

ఉచిత వారంలో మా వాడి పాయింట్లు బాగానే పెరిగాయి. లెక్క మాత్రం మూడో మెట్టు దాటలేదు. ఇప్పుడు వైద్యురాలు చెప్పినట్టు చేస్తున్నాం. ఒకసారి ఒకే పని చెప్తాం, పది నిమిషాలకు అలారం పెడతాం, పూర్తిచేస్తే వెంటనే మెచ్చుకుంటాం. పక్కన నేను కూర్చుంటాను. కొన్ని రోజులు కుదురుతుంది, కొన్ని రోజులు నేనే లేచి అరుస్తాను. ఇది ఏ యాప్ కన్నా చవకైనదే గానీ సులువైనది కాదు. రోజూ ఒక మనిషి తీరిక కావాలి. మా ఇంట్లో నేనున్నాను. అందరిళ్లలో అలా ఉండరు. ప్రకటనలు పట్టుకునేది ఆ తీరిక లేని తల్లులనే.

మనలో చాలామందిమి బీఎడ్ చేసి టీచర్లం కాబోతున్నాం. కిటికీలోంచి బయటికి చూసే పిల్లవాడు మన క్లాసులోనూ ఉంటాడు. వాణ్ణి ముందు బెంచీలో కూర్చోబెట్టడానికీ, పని చిన్న ముక్కలుగా ఇవ్వడానికీ ఏ కంపెనీ అనుమతీ అక్కర్లేదు. డైరీలో "సోమరి" అని రాసే ముందు మా తమ్ముణ్ణి ఒకసారి గుర్తుచేసుకోండి. ఆ మాట వాడు చాలాసార్లు విన్నాడు.