విరిసిన కురులు – పెళ్ళి మేలిముసుగు

ఇటీవలి వివాహాలలో, విశేషించి వలీమా, రిసెప్షన్ వంటి సందర్భాలలో, కొందరు వధువులు జడ అల్లుకోక, కొప్పు ముడువక, కురులను భుజాలపై జారవిడిచి, వాటిపై పలుచని మేలిముసుగు ధరిస్తున్నారు. పెద్దలలో అనేకులకు ఇది రుచించడం లేదు. "జుట్టు విరబోసుకున్న పెళ్ళికూతురా!" అని ముక్కున వేలు వేసుకొనేవారు ఉర్దూ మాట్లాడే ఇండ్లలోను ఉన్నారు, తెలుగు మాట్లాడే ఇండ్లలోను ఉన్నారు. ఈ విషయమై మా అభిప్రాయాన్ని విద్యార్థి లోకం ముందు, కళాశాల కమిటీ పెద్దల ముందు సవినయంగా ఉంచదలచినాము.

పెద్దల అభ్యంతరం నిరాధారమని మేము అనము. తెలుగునాట విరబోసిన జుట్టు శోకానికో, ఆగ్రహానికో చిహ్నం. అవమానం పాలైన ద్రౌపది కురులను ముడువక ఉంచిన కథ మనకు సుపరిచితమే. భట్టనారాయణుని సంస్కృత నాటకానికి వేణీసంహారమన్న పేరే ఆ కథను బట్టి వచ్చినది. కనుకనే పెళ్ళినాడు పూలజడ, జడకుప్పెలు, నుదుట బాసికం. ఇక హైదరాబాదు ముస్లిం వధువుకు దాదాపు ఆరు గజాల ఖడా దుపట్టా, తలపై మరొక ముసుగు, పాపిట టీకా, ఒక ప్రక్కన ఝూమర్. ఈ అలంకారమంతా ఒద్దికగా దువ్వి బిగించిన తలకట్టుపైననే నిలుస్తుంది.

అయితే, ఒకచోట అశుభమైనది మరొకచోట శుభం కావచ్చునని చరిత్ర చెబుతున్నది. ప్రాచీన రోమునగరంలో వధువు కురులను ఆరు పాయలుగా తీర్చి, అగ్నివర్ణపు ముసుగు కప్పేవారు. ఇంగ్లండులో ఒకప్పుడు విడిచిన కురులే కన్యాత్వానికి గుర్తు. జుట్టును కప్పుకోవడం వివాహిత లక్షణం. 1613 ఫిబ్రవరి 14న మొదటి జేమ్సు రాజు కుమార్తె ఎలిజబెత్ తన వివాహానికి కిరీటం ధరించి, కురులను క్రిందికి విడిచియే వచ్చినది. 1840 ఫిబ్రవరి 10న విక్టోరియా రాణి తెల్లని సాటిన్ దుస్తులతో, హానిటన్ లేసు మేలిముసుగుతో, నారింజ పూల దండతో పెళ్ళాడినది. నేడు లోకమంతటా కనిపించే తెల్లని వధూవేషానికి ఆ వివాహం గొప్ప ప్రచారం కల్పించింది. ఇక్కడ శోకచిహ్నమైనది అక్కడ కన్యాచిహ్నమైనదంటే, ఆ అర్థం వెంట్రుకలలో పుట్టినది కాదు, మనుషులు కల్పించుకొన్నది.

యువతులకు కూడ ఒక మాట. పాత పద్ధతిలో ఆచారంతోపాటు పనితనం ఉన్నది. జర్దోజీ పనితో బరువెక్కిన దుపట్టా జారిపోకుండా ఉండాలంటే పిన్నులకు పట్టు కావాలి. ఆ పట్టు జడలోనో కొప్పులోనో దొరుకుతుంది. విడిచిన జుట్టుపై అంత బరువును నిలిపితే, వేడుక ముగిసేవరకు వధువు తల కదల్చలేదు. అందుచేత కురులు విడువదలచినవారు తేలికైన ముసుగు ఎన్నుకోవడం, నడినెత్తిన కొంత జుట్టును ముడిచి, దువ్వెనతో ముసుగును అక్కడ నిలిపి, మిగిలినది విడవడం మేలు. పరదా పాటించే వధువు స్త్రీల సభలో కురులు విడిచి, పరపురుషులు వచ్చు వేళ కప్పుకొనవచ్చును. అది ఆమె విశ్వాసానికి, విచక్షణకు సంబంధించినది. ఛాయాచిత్రంలో చూచిన వేషాన్ని గ్రుడ్డిగా అనుకరించడం ఎంత అవివేకమో, ఆ వేషాన్ని చూచి ఒక ఆడపిల్ల శీలాన్ని తూచడం అంతకు మించిన అన్యాయం.

మాకు బాధ కలిగించేది వేరొకటి. కురులు విప్పినదని గుసగుసలాడే నోళ్ళు, "జోడే కీ రకమ్" పేరిట వరునివారు సొమ్ము అడిగినప్పుడు పెగలవేమి? వరకట్న నిషేధ చట్టం 1961లోనే వచ్చినది. ఇస్లాం ధర్మంలో మెహర్ వరుడు వధువుకు ఇవ్వవలసినది. వధువు ఇంటినుండి పుచ్చుకోవలసినది ఏదీ లేదు. నికాహ్ వేళ సాక్షుల ఎదుట వధువు సమ్మతి అడుగుతారు. చుట్టూ బంధువులు మూగి తొందరపెట్టగా తలవంచుకొని ఊపిన తలను సమ్మతిగా లెక్కవేసే ఇండ్లెన్ని! మెహర్ ఎంతో తెలియకుండానే సంతకం చేసే చదువుకొన్న పిల్లలెందరు! ముసుగు క్రింద జుట్టు ఎట్లున్నదని కాదు, ఆ ముసుగు క్రింద ఉన్న మనిషిని ఎవరైనా నిజంగా అడిగినారా అన్నదే ప్రశ్న. జీవితాన్ని ఎవరితో పంచుకోవాలో చెప్పే హక్కు ఉన్న పిల్లకు, తన కురులను ఎట్లు తీర్చుకోవాలో చెప్పే హక్కు లేదనడం హాస్యాస్పదం.

కనుక కమిటీ పెద్దలకు మా విన్నపం ఒక్కటే. చివరి సంవత్సరపు విద్యార్థినీ విద్యార్థులకు నికాహ్‌నామాలోని ప్రతి అంశాన్ని, వరకట్న నిషేధ చట్టాన్ని ఉర్దూలోను తెలుగులోను విడమరచి చెప్పే ఉపన్యాసం ఏటా ఒకటి ఏర్పాటు చేయండి. విద్యార్థి సోదరులారా, కట్నం పుచ్చుకోమని మీ ఇంట మీరే ముందుగా చెప్పండి. సోదరీమణులారా, జడ అల్లుకొన్నా, కురులు విడిచినా, సంతకం చేసే ముందు ఆ కాగితాన్ని చదవండి.