కాగితం చూసి రూపాయి ఇయ్యాలా?



"అపాత్రదానం చేయరాదు" అని పెద్దలు అంటారు. అంటే తగనివాళ్లకు దానం చేయకూడదని. కానీ ఎవరు తగినవాళ్లో, ఎవరు తగనివాళ్లో రోడ్డు మీద రెండు నిమిషాలు నిలబడితే ఎట్ల తెలుస్తది? దీని గురించి నా అభిప్రాయం రాస్తున్నాను.

మన మెదక్‌లో చర్చి గేటు దగ్గర, బస్టాండ్‌లో అడిగేవాళ్లు కనపడతారు. క్రిస్మస్‌కు, శివరాత్రికి ఏడుపాయల జాతరకు ఇంకా ఎక్కువ మంది వస్తారు. మొన్న ఆదివారం ఒకామె ప్లాస్టిక్ కవర్లో కాగితం పట్టుకొని మన దగ్గరికి వచ్చింది. కొడుక్కు ఆపరేషన్ అని అందులో రాసి ఉంది. మనలో ఒకరు "ఏం రాసుందో నువ్వే చదువు" అన్నారు. ఆమె చదవలేకపోయింది. "చూసినవా, దొంగ కాగితం" అని నవ్వుకుంటూ వచ్చేశారు. నేను ఐదు రూపాయలు ఇచ్చిన. హాస్టల్‌కు వచ్చినంక అందరూ నన్ను పిచ్చిదన్నరు.

ఆమె చెప్పింది నిజమే అని నేను వాదించను. కానీ చదువు రాకపోవడం మోసానికి రుజువు కాదు. నేను ఇక్కడ సీటు కోసం వచ్చిననాడు మా బాపు చేతిలో కూడా కవరు, అందులో కాగితాలే ఉన్నాయి. కులం సర్టిఫికెట్ ఏదో, ఆదాయం సర్టిఫికెట్ ఏదో ఆయనకు తెలియదు. ఎవరు ఏం అడిగినా మొత్తం కట్ట ముందుకు చాపిండు. మా ఇంట్ల బడి చదువు చదివే మొదటిదాన్ని నేనే. ఆ రోజు ఎవరన్నా "నువ్వే చదువు" అని ఉంటే మా బాపు కూడా తల దించుకొని నిలబడేవాడు. అంతమాత్రాన మా కాగితాలు దొంగవి అయ్యేవా? మనలో చాలామంది అమ్మానాన్నలు వేలిముద్ర వేసేవాళ్లే. ఇది మనం మరిచిపోవద్దు.

మోసం చేసేవాళ్లు లేరా అంటే, ఉన్నారు. ఒకే రాత ఉన్న జిరాక్స్ కాగితాలు బస్సుల్లో అందరి ఒళ్లో వేసి పైసలు అడిగేవాళ్లను మనం చూసినం. సరే, పది మందిలో నలుగురు మోసగాళ్లే అనుకుందాం. తలా ఒక రూపాయి ఇస్తే మనకు దండగ అయ్యేది నాలుగు రూపాయలు. ఎవరికీ ఇయ్యకపోతే నిజంగా అవసరం ఉన్న ఆరుగురు ఉత్త చేతులతో పోతారు. ఏ నష్టం పెద్దదో మీరే చెప్పండి.

"పని చేసుకొని బతకొచ్చు కదా" అని ఇంకొందరు అంటారు. దానికి మన చర్చినే చూపిస్తారు. చర్చి పని 1914లో మొదలయింది, 1924 డిసెంబర్ 25న ప్రారంభమయింది. కరువు కాలంలో పోస్నెట్ దొర జనానికి ఊరికే పెట్టకుండా కట్టడం పని ఇచ్చి తిండి పెట్టిండని మెదక్‌లో అందరూ చెప్తారు. అది చాలా మంచి పద్ధతి. పని చేసి తిన్నవాళ్లు తల ఎత్తుకొని తింటారు. కానీ పని చేసుకో అని చెప్పే ముందు ఆయన పని చూపించిండు. మనం ఏ పని చూపించి ఆ మాట అంటున్నాం? కండ్లు కనపడని తాత రాయి మోస్తడా?

అడిగేవాళ్లను ఊళ్ల నుంచి పంపించాలి అనేవాళ్లు కూడా ఉన్నారు. 2017 నవంబర్‌లో హైదరాబాద్‌లో పెద్ద అంతర్జాతీయ సదస్సుకు ముందు పోలీసులు రెండు నెలలు అడుక్కోవడం నిషేధించారు. కానీ 2021లో సుప్రీంకోర్టు, వేరే దారి లేకనే మనుషులు అడుక్కుంటారని, వాళ్లను రోడ్ల మీద కనపడకుండా చేయమని తాము ఆదేశించలేమని చెప్పింది. కనపడకుండా చేస్తే ఆకలి పోదు కదా.

అయితే ఉన్నదంతా ఇచ్చేయమని నేను చెప్పను. "తనకు మాలిన ధర్మం, మొదలు చెడ్డ బేరం" అని సామెత ఉంది. నాకు తోచిన పద్ధతులు ఇవి:

1. మన చేతిఖర్చులోంచే ఇయ్యాలి. నోటుబుక్కులకు, ఇంటికి పోయే బస్సు చార్జీకి ఉంచిన పైసలు ముట్టవద్దు.

2. ఆకలి అన్నవాళ్లకు అరటిపండో, బన్నో కొనిస్తే మంచిది.

3. చిన్నపిల్లలు అడిగితే పైసలు ఇయ్యవద్దు. ఆ పైసలు వెనుక ఉన్న పెద్దవాళ్లకు పోవచ్చు. తినడానికి ఇచ్చి, వార్డెన్ మేడమ్‌కు చెప్పాలి. 1098కి ఫోన్ చేయించాలి.

4. ఆపరేషన్ లాంటి పెద్ద ఖర్చు మన రూపాయలతో తీరదు. అది సర్కారు చూడాలి. ఆరోగ్యశ్రీ 2007లో మొదలయింది. మన రాష్ట్రంలో 2023 డిసెంబర్‌లో దాని పరిమితి పది లక్షలు చేశారు. చదువుకున్న మనం ఆ మాట వాళ్లకు చెప్పాలి. రూపాయి కంటే అదే ఎక్కువ సాయం కావచ్చు.

5. ఇయ్యకపోతే "లేవమ్మా" అని ముఖం చూసి చెప్పాలి. నవ్వవద్దు. పరీక్ష పెట్టవద్దు.

ఇయ్యడం, ఇయ్యకపోవడం ఎవరి ఇష్టం వాళ్లది. కానీ అయిదో పద్ధతికి పైసలు అక్కరలేదు. అది మాత్రం అందరూ పాటించాలని నా కోరిక. నా మాట తప్పు అనుకునేవాళ్లు పక్కన అంటించిన తెల్లకాగితం మీద రాయండి, వచ్చే నెల జవాబు రాస్తాను.

– 9వ తరగతి విద్యార్థిని