హెచ్చరిక నోరు మూయించకండి



ఈసారి పాఠ్యపుస్తకాల కొరతను గురించి గాని, ఉపాధ్యాయ ఖాళీలను గురించి గాని వ్రాయడం లేదు. కంప్యూటరు తెర మీద కనిపించే ఒక చిన్న పెట్టెను గురించి వ్రాస్తున్నాను. తెలుగు బడికీ దీనికీ ఏమి సంబంధమని అనుకోకండి. మా బడిలో తెలుగు పిల్లలు ఎంతమంది ఉన్నారో చూపే కాగితాల ప్రతులన్నీ 2019లో ఒక్క పూటలో పోయాయి. ఆ పెట్టె వచ్చినందువల్ల కాదు. అది రాకుండా మేమే చేసుకున్నందువల్ల.

హోసూరు ప్రాంతంలోని మా బడి ప్రవేశ పట్టికను మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌లో పెట్టుకున్నాము. ప్రతి పిల్లవాని పేరు పక్కన ఒక మీట ఉంటుంది. అది నొక్కితే వాని జనన ధ్రువపత్రం, టీసీ, ఇంటి భాష తెలుగని తల్లిదండ్రులు వ్రాసిచ్చిన కాగితం, స్కాను చేసినవన్నీ తెరుచుకోవాలి. తెరుచుకునేవి కూడా. కాని ప్రతిసారీ ముందుగా ఒక పెట్టె అడ్డు వచ్చేది. కొన్ని ఫైళ్ళలో వైరసులు ఉండవచ్చు, ఇది నమ్మదగిన చోటి నుండి వచ్చినదేనా, తెరవమంటారా అని దాని ఇంగ్లీషు మాటలకు అర్థం. ప్రవేశాల కాలంలో మా గుమాస్తాకు ఈ ప్రశ్న రోజుకు అరవై డెబ్భై మార్లు ఎదురయ్యేది. మొదటి రోజు ఆమె చదివింది. రెండవ రోజు నుండి చదవడం మానివేసింది. ఆ తప్పు ఆమెది అనను. తల్లిదండ్రుల సంతకానికీ దొంగ ఫైలుకూ ఒకే మాట చెప్పే హెచ్చరిక, నాన్నా పులి కథలోని కుర్రవాని కేక వంటిదే.

ఇక కంప్యూటరు బాగుచేసే యువకుడు వచ్చాడు. "సార్, ఈ గోల మీకెందుకు? శాశ్వతంగా తీసివేస్తాను" అన్నాడు. మేము సంతోషించాము. టీ కూడా ఇప్పించాము.

అతడు చేసినవి రెండు పనులు. విండోస్ రిజిస్ట్రీలో డిజేబుల్‌హైపర్‌లింక్‌వార్నింగ్ అనే విలువను 1 చేశాడు. అది యాక్సెస్ ఒక్కదానికే కాదు, వర్డ్, ఎక్సెల్ సహా ఆఫీసు కుటుంబమంతటికీ వర్తిస్తుందని అతడు చెప్పలేదు, మేము అడగలేదు. తరువాత యాక్సెస్‌లోనూ, వర్డ్‌లోనూ, ఎక్సెల్‌లోనూ ట్రస్ట్ సెంటరు తెరిచి 'ఎనేబుల్ ఆల్ మాక్రోస్' అనే గుండ్రం మీద నొక్కి వెళ్ళాడు. ఆ మాట పక్కనే 'ఇది సిఫారసు చేయదగినది కాదు, ప్రమాదకరమైన ఆజ్ఞలు నడవవచ్చు' అని ఇంగ్లీషులో వ్రాసి ఉంటుంది. దానిని కూడా ఎవరూ చదవలేదు.

కొన్ని వారాలకు ఎవరో పెన్‌డ్రైవులో ఒక ఎక్సెల్ పట్టిక తెచ్చారు. తెరిచాము. తెర ఏమీ అడగలేదు. మధ్యాహ్న భోజనం ముగించి వచ్చేసరికి ఫైళ్ళ పేర్ల తోకలు మారిపోయి ఉన్నాయి, ఏ ఒక్కటీ తెరుచుకోలేదు. కాగితపు రిజిస్టరు బీరువాలో ఉన్నది గనుక పరువు దక్కింది. స్కానులు మాత్రం మొదటి నుండి మళ్ళీ చేసుకోవలసి వచ్చింది. అసలు కాగితాలు ఇళ్ళకు తిరిగి ఇచ్చివేసిన పిల్లల తల్లిదండ్రులను మరల పిలిపించాము. కూలిపని మాని వచ్చిన తల్లులు ఉన్నారు.

తెలుగు బడికి ఈ కాగితాలు ఎందుకంత ముఖ్యమో మీకు నేను చెప్పనవసరం లేదు గాని, కొత్తగా చేరిన ఉపాధ్యాయుల కోసం చెబుతాను. బడి మొత్తంలో ఆ భాష మాట్లాడే పిల్లలు 40 మంది గాని, ఒక తరగతిలో 10 మంది గాని ఉంటే ఆ భాషలో బోధించే ఉపాధ్యాయుని ఒక్కరినైనా నియమించాలని 1949 ఆగస్టులో రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం నిర్ణయించింది. ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు వసతి కల్పించాలని 1956లో 350ఎ అధికరణం రాజ్యాంగంలో చేరింది. తమిళనాట 2006 చట్టం తమిళాన్ని మొదటి తరగతి నుండి ఏటేటా ఒక్కొక్క తరగతికి తప్పనిసరి చేస్తూ పోయిన తరువాత, మా పిల్లల మాతృభాష ఏదో కాగితం మీద చూపవలసిన సందర్భాలు ఇంకా పెరిగాయి. మన హక్కు అంకెల మీద నిలిచి ఉన్నది. ఆ అంకెకు సాక్ష్యమైన కాగితాలను నాలుగు క్షణాల చిరాకు కోసం మనమే గాలికి వదులుతున్నాము.

"మన ఫైళ్ళు మనమే స్కాను చేసినవి, వాటిలో వైరసు ఎక్కడిది?" అని అడుగుతారు. నిజమే, వాటిలో ఉండదు. అయితే ఆ హెచ్చరికను మీరు ఆ ఫైళ్ళకు మాత్రమే ఆపలేదు, కంప్యూటరంతటికీ ఆపారు. ఒక చుట్టం రాకపోకలకు ఇబ్బందిగా ఉన్నదని వీధి తలుపు ఊడదీసి పారవేసినట్లున్నది ఇది. 1999లో మెలిస్సా వర్డ్ పత్రం రూపంలో వచ్చింది. 2000 మే నెలలో ఐ లవ్ యూ ప్రేమలేఖ పేరుతో వచ్చింది. దాని చివర ఉన్న అసలు తోకను విండోస్ దాచిపెట్టడంతో జనం మామూలు లేఖ అనుకొని తెరిచారు. ఆ తరువాతనే ఈ తలుపులు, గడియలు గట్టిపడ్డాయి.

మరి ఆ పెట్టె ఊరికే ఎందుకు వస్తుంది? కారణం తెలిస్తే మందు చిన్నది. 2004లో విండోస్ ఎక్స్‌పీ రెండవ సర్వీసు ప్యాకు నుండి, జాలం నుండి దిగిన ఫైలుకు విండోస్ కంటికి కనబడని ఒక ముద్ర వేస్తున్నది. ఎన్‌టీఎఫ్‌ఎస్ డిస్కు మీద ఉన్నంతవరకు ఆ ముద్ర ఫైలు వెంటనే ఉంటుంది. ఫ్యాట్32 పెన్‌డ్రైవులోకి ఎక్కితే రాలిపోతుంది. మా బడికి వచ్చిన పట్టికకు ముద్ర లేకపోవడానికి కారణం అదే కావచ్చు. కనుక ముద్ర లేదంటే మంచి ఫైలని అర్థం కాదు. తల్లిదండ్రులు ఈమెయిలులో పంపిన స్కానుకు ముద్ర ఉంటే, పంపినది ఎవరో నిర్ధారించుకొని, ఆ ఒక్క ఫైలు మీద కుడి మీట నొక్కి, ప్రాపర్టీస్‌లో అన్‌బ్లాక్ గడిలో గురుతు పెట్టండి. ఫోల్డరులోని వెయ్యి ఫైళ్ళకూ ఒకేసారి తీసివేసే చిట్కాలు చెప్పేవారున్నారు. వారిని దూరంగా ఉంచండి.

ఇంకొక కారణం చాలామందికి తట్టదు. ప్రధానోపాధ్యాయుని గదిలోని కంప్యూటరులో స్కానులుంటాయి, కార్యాలయంలోని కంప్యూటరు వాటిని నెట్‌వర్కు ద్వారా చూస్తుంది. ఆ దారిని మీరు కంప్యూటరు పేరుతో వ్రాస్తే విండోస్ దానిని మామూలుగా ఇంటి సొత్తు అనుకుంటుంది. అదే దారిని 192.168 అంటూ చుక్కల అంకెలతో వ్రాస్తే, జాలంలోని పరాయి చోటు అనుకుంటుంది. ఫైలు ఒకటే, గోడ అవతలి గది ఒకటే, పిలిచిన పేరులోనే తేడా. మా డేటాబేసులో దారులన్నీ అంకెలతోనే ఉన్నాయి. కంప్యూటరు పేరుకు మార్చినాక గోల చాలావరకు తగ్గింది. ఈ పని ఆ యువకుడు ముందే చేసి ఉంటే రిజిస్ట్రీ జోలికి పోవలసిన పని లేదు.

డేటాబేసు తెరిచేటప్పుడు పైన కనిపించే పసుపు పట్టీ సంగతి వేరు. యాక్సెస్ 2007 నుండి అది ఉన్నది. డేటాబేసులోని ఆజ్ఞలను ఆపి ఉంచానని చెప్పడం దాని పని. దీనికి మందు ట్రస్టెడ్ లొకేషన్స్. సి డ్రైవులో బడి పేరుతో ఒక్క ఫోల్డరు చేసి, యాక్సెస్ ఫైలును అందులో పెట్టి, ట్రస్ట్ సెంటరులో ఆ ఫోల్డరును మాత్రమే నమ్మదగిన చోటుగా చేర్చండి. డౌన్‌లోడ్స్‌ను, డెస్క్‌టాపును, సి డ్రైవు మొత్తాన్ని చేర్చినవారిని చూశాను. వారికి నమస్కారం తప్ప చెప్పేదేమీ లేదు.

స్కానులన్నిటినీ డేటాబేసు లోపలే అటాచ్‌మెంటుగా పెట్టుకుంటే గొడవ ఉండదు గదా అని కొందరి వాదం. యాక్సెస్ ఫైలు 2 జీబీ దాటి పెరగదు. పిల్లవానికి నాలుగు కాగితాలు, కాగితానికి 500 కేబీ, బడిలో 500 మంది అనుకోండి. సగం నిండిపోయింది. రెండేళ్ళు తిరిగేసరికి ఏమవుతుందో లెక్కల మాస్టరును అడగండి.

ఇంగ్లీషు రాదు గనుక చదవలేదనే మాటను మాత్రం ఉపాధ్యాయుల నోట విన్నప్పుడు నాకు కోపం వస్తుంది. చదవని కాగితం మీద వేలిముద్ర వేయవద్దని మన తాతల కాలం నుండి పిల్లలకు చెబుతూ, మనమే చదవని పెట్టె మీద ఓకే నొక్కుతున్నాము. ఇలాంటి హెచ్చరికలు మన బడి కంప్యూటరులో కనిపించేవి అయిదారు కన్నా ఎక్కువ లేవు. వాటిని తెలుగులో వ్రాసి తెర పక్కన అతికించడం భాషోపాధ్యాయునికి ఒక గంట పని. మా బడిలో అదే చేశాము. 'ఈ ఫైలు ఎవరు ఇచ్చారు? తెలియకపోతే నో నొక్కుము' అని మొదటి వాక్యం. 2022లో మైక్రోసాఫ్ట్ జాలం నుండి వచ్చిన ఫైళ్ళలోని మాక్రోలను ఆపివేయడం మొదలుపెట్టాక, కొత్త ఆఫీసులో ఎర్ర పట్టీ వస్తున్నది. దాని మీద అనుమతించే మీటే ఉండదు. దానికి 'ఎర్రది వస్తే ఆగి, అయ్యవారిని పిలువుము' అని వ్రాశాము.

మొన్న గుమాస్తా నన్ను తరగతి నుండి పిలిపించింది. తెర మీద ఎర్ర పట్టీ. ఫీజుల పట్టిక అని వచ్చిన ఈమెయిలు అది. పంపినట్లున్న పెద్దమనిషికి ఫోను చేసి అడిగితే, తాను ఏమీ పంపలేదన్నాడు.