బెడ్రూమ్‌లో గేమింగ్ టీవీ: స్టిక్కర్ మీద రాయని సంగతులు

పండగ ఆఫర్లు మొదలైతే చాలు, నా వాట్సాప్‌కి ఒకే రకం మెసేజ్‌లు వస్తాయి. ‘‘అన్నా, పీఎస్4 ఉంది. హాల్లో టీవీ పొద్దున నాన్న వార్తలకి, సాయంత్రం అమ్మ సీరియల్స్‌కి సరిపోతోంది. నా రూములో పెట్టుకోడానికి 20, 25 వేలల్లో మంచి టీవీ చెప్పు.’’ అడిగేవాళ్లలో ఎక్కువమంది కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు. వాళ్లకి 25 వేలంటే ఇంచుమించు నెల జీతం, అదీ ఈఎంఐ మీద. అందుకే ‘ఏదో ఒకటి తీసుకో, అన్నీ ఒకటే’ అనబుద్ధి కాదు. పైగా అన్నీ ఒకటి కావు. కాకపోతే తేడా ఉండేది డబ్బా మీద పెద్దక్షరాలతో అచ్చేసిన విషయాల్లో కాదు.

సినిమా చూసేవాడికి బొమ్మ అందంగా ఉండాలి. గేమ్ ఆడేవాడికి బొమ్మ త్వరగా రావాలి. మీరు కంట్రోలర్ మీద బటన్ నొక్కుతారు. కన్సోల్ దాన్ని అందుకుని, కొత్త ఫ్రేము తయారుచేసి, హెచ్‌డీఎంఐ వైరులోంచి టీవీకి పంపుతుంది. టీవీ దాన్ని వెంటనే తెర మీద వేసేస్తుందనుకుంటాం. వెయ్యదు. ముందు ముస్తాబు చేస్తుంది. మచ్చలు తుడుస్తుంది, రంగులు దట్టిస్తుంది, అంచులకి పదును పెడుతుంది. కదలిక నున్నగా కనపడాలని రెండు ఫ్రేముల మధ్య అసలు లేని ఇంకో ఫ్రేముని తనే కల్పించి ఇరికిస్తుంది. మధ్యది కల్పించాలంటే తర్వాతది వచ్చేదాకా ఆగాలి కదా! ఇలా పోగయ్యే ఆలస్యాన్నే ఇన్‌పుట్ లాగ్ అంటారు. సినిమాకి దీంతో ఇబ్బంది లేదు, మాటల్ని కూడా అంతే ఆలస్యం చేసి టీవీ రెండింటినీ కలిపేస్తుంది. గేమ్‌లో ఆ పప్పు ఉడకదు. మీ బొటనవేలు టీవీ చేతిలో లేదు.

లెక్క చూడండి. సెకనుకి 60 ఫ్రేములతో నడిచే గేమ్‌లో ఒక్కో ఫ్రేము తెర మీద ఉండేది 16.7 మిల్లీసెకన్లు. ముస్తాబులన్నీ ఆన్‌లో ఉంటే చాలా టీవీలు 60 నుంచి 100 మిల్లీసెకన్లు తినేస్తాయి, కొన్ని అంతకన్నా ఎక్కువే. ఇప్పుడు క్రికెట్ గేమ్ ఒకటి ఊహించుకోండి. గంటకి 140 కిలోమీటర్ల వేగంతో వేసిన బంతి బౌలర్ చెయ్యి వదిలాక బ్యాటర్‌ని చేరడానికి నిజం గ్రౌండ్‌లోనే అరసెకను పట్టదు. గేమ్‌లో షాట్ టైమింగ్‌కి ఇచ్చే వ్యవధి అందులో చిన్న ముక్క. దాంట్లో 100 మిల్లీసెకన్లు టీవీ మింగేస్తే, మీరు చూస్తున్నది ఆరు ఫ్రేముల కిందటి బంతిని. మీరు సరిగ్గానే నొక్కారు, అయినా క్లీన్ బౌల్డ్. ‘వీడికి ఆడ్డం రాదు’ అని పక్కన కూర్చున్న తమ్ముడు నవ్వుతాడు. ఫుట్‌బాల్ అయినా, టెకెన్ లాంటి ఫైటింగ్ గేమ్ అయినా ఇదే బాధ.

దీనికి మందు గేమ్ మోడ్. అది పెట్టగానే టీవీ ముస్తాబులన్నీ మానేసి వచ్చిన ఫ్రేముని వచ్చినట్టు చూపిస్తుంది. సరిగ్గా చేసిన టీవీల్లో ఆలస్యం 10, 20 మిల్లీసెకన్లకి దిగుతుంది. ఏఎల్ఎల్ఎం అని స్పెసిఫికేషన్లలో కనిపిస్తే ఇంకా సుఖం. దాన్ని సపోర్ట్ చేసే కన్సోల్ ఆన్ అవగానే టీవీ దానంతటదే గేమ్ మోడ్‌లోకి పోతుంది (మామూలు పీఎస్4కి ఈ సదుపాయం లేదు, రిమోట్‌తో మనమే మార్చుకోవాలి). షాపులో సేల్స్‌మన్‌ని ‘గేమ్ మోడ్ ఉందా’ అని అడిగితే ‘అన్ని గేములూ ఆడతాయి సార్’ అంటాడు. అతన్ని అడక్కండి. రిమోట్ తీసుకుని పిక్చర్ మోడ్స్ లిస్టు మీరే తెరిచి చూడండి.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. కొన్ని చవక టీవీల్లో ‘గేమ్’ అనే పేరు ఉంటుంది గానీ, అది రంగులు కాస్త మార్చి ఊరుకుంటుంది, ఆలస్యం తగ్గించదు. దీన్ని పట్టుకోడానికి ఖరీదైన పరికరాలు అక్కర్లేదు, మీ ఫోన్ చాలు. స్లో మోషన్‌లో సెకనుకి 240 ఫ్రేములు తీసే ఫోన్ అయితే ఒక్కో ఫ్రేముకి 4 మిల్లీసెకన్లు. కంట్రోలర్, తెర రెండూ కనపడేలా ఫోన్ నిలబెట్టి, మెనూలో బాణం బటన్ నొక్కుతూ వీడియో తీయండి. తర్వాత నెమ్మదిగా జరుపుకుంటూ వేలు నొక్కిన ఫ్రేము నుంచి తెర మీద కదలిక కనిపించిన ఫ్రేము దాకా లెక్కపెట్టండి. పదిసార్లు చేసి సగటు తీయండి. మొదట స్టాండర్డ్ మోడ్‌లో, తర్వాత గేమ్ మోడ్‌లో. ఈ సంఖ్యలో కంట్రోలర్, కన్సోల్ తీసుకునే టైమ్ కూడా కలిసే ఉంటుంది కాబట్టి అది టీవీ ఒక్కదాని తప్పు కాదు. రెండు మోడ్‌ల మధ్య తేడా మాత్రం పూర్తిగా టీవీదే. తేడా ఏమీ రాక, రెండు సంఖ్యలూ పెద్దగానే ఉంటే అది పేరుకే గేమ్ మోడ్ అన్నమాట. ఈ పరీక్ష టీవీ ఇంటికొచ్చిన మొదటి రోజే చేసెయ్యాలి. చాలాచోట్ల టీవీలకి చెడిపోతే మార్చివ్వడమే తప్ప డబ్బు వాపసు ఉండదు. కొనేముందే ఆ షరతులు చదివి, ‘నచ్చకపోతే వెనక్కి’ అన్న చోట కొనడం మేలు, అక్కడ 500 ఎక్కువైనా సరే.

ఇక సైజు, రెజల్యూషన్. మన దగ్గర బెడ్రూమ్ టీవీ అంటే 32 అంగుళాలే అనే అలవాటు పడిపోయింది. గది చిన్నదని మాత్రమే కాదు, దీని వెనక పన్ను కథ కూడా ఉంది. 2019 జనవరి నుంచి 32 అంగుళాల లోపు టీవీల మీద జీఎస్టీ 18 శాతం, అంతకు మించితే 28 శాతం. 2025 సెప్టెంబర్ 22 నుంచి పెద్దవి కూడా 18 శాతంలోకి వచ్చాయి. కాబట్టి 43 అంగుళాల వైపు చూడ్డానికి ఇప్పుడు కాస్త వీలు చిక్కింది.

32లో అసలు చిక్కు సైజు కాదు, హెచ్‌డీ రెడీ అనే మాట. చవకగా దొరికే 32 అంగుళాల టీవీల్లో ఎక్కువ భాగం హెచ్‌డీ రెడీలే, అంటే 1366 × 768 చుక్కలు. కన్సోల్ ఈ కొలతలో బొమ్మ పంపదు. 1280 × 720 గానీ, 1920 × 1080 గానీ పంపుతుంది. రెండూ ఈ తెరకి అతకవు. టీవీ దాన్ని సాగదీసో, కుదించో సర్దుతుంది. పొడుగు చొక్కాని మడతేసి కుట్టినట్టు, ఎక్కడో ఒకచోట ముడత కనిపిస్తుంది. సినిమాలో ఆ ముడత తెలియదు. గేమ్‌లో సన్నక్షరాలు, మూలన ఉండే మ్యాపు, మిగిలిన బుల్లెట్ల సంఖ్య అలికినట్టు అవుతాయి. ‘1080p సపోర్ట్’ అని రాసుంటే నమ్మకండి, ఆ సిగ్నల్‌ని తీసుకుంటుందని మాత్రమే దానర్థం. స్పెసిఫికేషన్లలో ప్యానెల్ అసలు రెజల్యూషన్ 1920 × 1080 అని ఉంటేనే అది ఫుల్ హెచ్‌డీ. 32లో ఫుల్ హెచ్‌డీ దొరుకుతుంది, కాస్త వెతకాలి, కాస్త ఎక్కువ పెట్టాలి. నా దృష్టిలో కన్సోల్ ఉన్నవాళ్లు హెచ్‌డీ రెడీ జోలికి పోనక్కర్లేదు.

ఫుల్ హెచ్‌డీ చాలా, 4కే కావాలా అన్నది మీరు కూర్చునే దూరం తేలుస్తుంది. మామూలు చూపున్న మనిషి కంటికి చుక్కలు విడివిడిగా కనిపించడం ఆగిపోయే దూరం ఒకటుంటుంది. లెక్క కడితే 32 అంగుళాల ఫుల్ హెచ్‌డీకి అది నాలుగడుగుల పైచిలుకు, 43 అంగుళాల ఫుల్ హెచ్‌డీకి ఐదున్నర, 43 అంగుళాల 4కేకి మూడడుగుల లోపు. మన అపార్ట్‌మెంట్లలో 10 × 11 అడుగుల గది తీసుకోండి. మంచం ఒక గోడకి, టీవీ ఎదురు గోడకి. దిండుకి ఆనుకుంటే కంటికీ తెరకీ మధ్య ఏడెనిమిది అడుగులు. అక్కణ్నుంచి 43లో ఫుల్ హెచ్‌డీకీ 4కేకీ తేడా పట్టుకోవడం కష్టం. కానీ దిండుకి ఆనుకుని ఎంతసేపు ఆడతారు? బాస్ ఫైట్ వచ్చేసరికి ఎవరైనా మంచం అంచుకి జారాల్సిందే. అక్కడ మూడు, నాలుగడుగులే. ఆ దూరంలో 43 అంగుళాల ఫుల్ హెచ్‌డీలో గళ్లు కనిపిస్తాయి, 4కేలో కనిపించవు.

కాబట్టి నేను ఇచ్చే సలహా ఇది. మామూలు పీఎస్4 గానీ, నింటెండో స్విచ్ మొదటి మోడల్ గానీ ఉంటే వాటి గేములు 1080p దాటవు. 32 ఫుల్ హెచ్‌డీ తీసుకుని మిగిలిన డబ్బుతో రెండు గేములు కొనుక్కోండి. పీఎస్5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ ఉన్నా, రెండేళ్లలో కొనే ఆలోచన ఉన్నా 43 అంగుళాల 4కేకే వెళ్లండి. సిరీస్ ఎస్ చాలావరకు 4కే కన్నా తక్కువలోనే గేమ్ గీసి తర్వాత పెంచి పంపుతుంది, అయినా 4కే తెర మీద నష్టమేం లేదు.

స్టిక్కర్ల సంగతి త్వరగా తేల్చేద్దాం. 120 హెర్ట్జ్ అని రాసుంటే పక్కనే డీఎల్‌జీ, ఎంఈఎంసీ లాంటి పొడి అక్షరాలు ఉన్నాయేమో చూడండి. డీఎల్‌జీ అంటే రెండేసి వరసల చుక్కల్ని కలిపి ఒకేసారి నడిపి 60 హెర్ట్జ్ ప్యానెల్‌ని 120కి లాగడం, దాంతో నిలువు రెజల్యూషన్ సగమవుతుంది. ఎంఈఎంసీ అంటే ఇందాక చెప్పిన కల్పిత ఫ్రేముల వ్యవహారం, గేముల్లో ఆఫ్ చేయాల్సిన మొదటి వస్తువు. ఈ బడ్జెట్‌లో నికార్సైన 60 హెర్ట్జ్ చాలు, ఆ మాట రాసుకోడానికి సిగ్గుపడని టీవీని నేను ఎక్కువ నమ్ముతాను. హెచ్‌డీఆర్ కూడా అంతే. సిగ్నల్ అర్థమవుతుంది గానీ, చూపించేంత వెలుగు ఉండదు. చవక టీవీల వెలుగు సుమారు 250, 300 నిట్స్ దగ్గర ఆగిపోతుంది. హెచ్‌డీఆర్ ఆన్ చేశాక బొమ్మ చీకటిగా, వెలిసిపోయినట్టు ఉంటే కన్సోల్ సెట్టింగ్స్‌లో ఆఫ్ చేసెయ్యండి, ఏం పోదు. ర్యామ్ ఎంత, యాప్స్ ఎన్ని అనేవి కన్సోల్ ఆటకి సంబంధమే లేని విషయాలు.

గదిలో టీవీ ఎక్కడ పెడతారన్నది డబ్బులు కట్టాక గుర్తొస్తుంది చాలామందికి. అద్దె ఇంట్లో ‘గోడకి మేకు కూడా కొట్టొద్దు’ అనే ఓనర్ ఉంటే వాల్ మౌంట్ ఆశ వదులుకోవాలి. అప్పుడు టేబుల్. చవక టీవీలకి కాళ్లు రెండు చివర్లా ఉంటాయి. 43 అంగుళాల టీవీ మొత్తం వెడల్పే సుమారు 96 సెంటీమీటర్లు, మీ పాత కంప్యూటర్ టేబుల్ మీద ఆ కాళ్లు పడతాయో లేదో టేపుతో కొలుచుకోండి. మౌంట్ వేయించే వీలుంటే, వచ్చిన టెక్నీషియన్ అలవాటుకొద్దీ ట్యూబ్‌లైట్ ఎత్తున డ్రిల్ పెడతాడు. ఆపండి. మంచం మీద కూర్చున్నప్పుడు మీ కళ్లు ఎక్కడుంటాయో, తెర మధ్యభాగం ఇంచుమించు అక్కడ ఉండాలి. లేకపోతే రెండు గంటల ఆటకి మెడ పట్టేస్తుంది. ఎక్కువగా చీకట్లో ఆడేవాళ్లకి వీఏ ప్యానెల్‌లో నలుపు బాగుంటుంది. పక్కకి పడుకుని, ఇద్దరు ముగ్గురు చుట్టూ కూర్చుని ఆడితే ఐపీఎస్‌లో రంగులు మారవు.

రాత్రి పదకొండుకి తుపాకుల మోత పక్కగదిలో నాన్నని లేపితే ఆ టీవీ మర్నాడు అక్కడ ఉండకపోవచ్చు. హెడ్‌ఫోన్స్‌ని టీవీకి బ్లూటూత్‌తో కలపకండి, శబ్దం ఆలస్యంగా వస్తుంది. ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్ ఇప్పటి కంట్రోలర్ల కిందే 3.5 ఎంఎం రంధ్రం ఉంటుంది. ఫోన్‌తో ఒకప్పుడు వచ్చిన వైరు ఇయర్‌ఫోన్స్ అందులో పెట్టుకుంటే పనైపోయింది.

కన్సోల్ కన్నా పీసీ మీద ఎక్కువ ఆడేవాళ్లు, బల్ల ముందు కుర్చీలో కూర్చునేవాళ్లు అసలు టీవీ ఎందుకో ఒకసారి ఆలోచించండి. ఇదే డబ్బుకి, చాలాసార్లు ఇంకా తక్కువకే, నిజమైన 144 హెర్ట్జ్ మానిటర్ వస్తుంది. అయితే అందులో రిమోట్ ఉండదు, స్పీకర్లు ఉన్నా పేరుకే, మంచం మీంచి 24 అంగుళాలు అగ్గిపెట్టెలా కనిపిస్తుంది.

టీవీ బిగించాక మూడు పనులు చేయండి. షాప్ మోడ్‌లో ఉంటే హోమ్ మోడ్‌కి మార్చండి. స్క్రీన్ సైజుని ‘జస్ట్ స్కాన్’ లేదా ‘స్క్రీన్ ఫిట్’లో పెట్టండి, చాలా టీవీలు బొమ్మ అంచుల్ని కొంచెం కత్తిరించి చూపిస్తాయి, అక్కడే మీ స్కోరు ఉంటుంది. 4కే టీవీ అయితే కన్సోల్ పెట్టిన హెచ్‌డీఎంఐ పోర్టుని సెట్టింగ్స్‌లో ‘ఎన్‌హాన్స్‌డ్’కి మార్చండి, కొన్నిట్లో అది మార్చకపోతే పూర్తి సిగ్నల్ రాదు. వైరు మాత్రం కన్సోల్ డబ్బాలో వచ్చిందే చాలు. బిల్లు కౌంటర్ దగ్గర బంగారుపూత కేబుల్ అని ఒకటి చేతిలో పెడతారు, వద్దని చెప్పి బయటికొచ్చెయ్యండి.