ఎవరో వేసిన కుర్చీ

మధ్య ఆఫ్రికా గణతంత్రం అని ఒక దేశం ఉంది. దాని పేరు చెప్తే చాలామందికి గుర్తొచ్చేది బొకాసా ఒక్కడే. 1977 డిసెంబరు 4న నెపోలియన్ వేషంలో కిరీటం పెట్టుకుని చక్రవర్తిగా పట్టాభిషేకం చేసుకున్న సైనికాధికారి. ఆ తంతుకి కోట్ల డాలర్లు తగలేశాడు. అందులో పెద్ద వాటా ఫ్రాన్స్ దగ్గర్నుంచి వచ్చిందే. పాశ్చాత్య పత్రికలు ఫొటోలేసి పగలబడి నవ్వాయి. నల్లోళ్ళకి రాజ్యమిస్తే ఇలాగే ఉంటుందని నోటితో అనకుండానే అన్నాయి. సరే, ఆ దేశానికి ఇంకో మనిషే దొరకలేదా? చదువుకున్నవాడు, నిజాయితీపరుడని పేరున్నవాడు, పరిపాలన తెలిసినవాడు ఒక్కడూ లేడా? ఉన్నాడు. ఆయన పేరు అబెల్ గూంబా. బొకాసా కంటే చాలా ముందే ఆ దేశపు పెద్ద కుర్చీలో కూచున్నాడు, సరిగ్గా ఒక నెల రోజులు. ఆయన్ని ఎవరు దించారు, ఎందుకు దించారు, మళ్ళీ 44 ఏళ్ళకి ఎవరు పిలిచి కూచోబెట్టారు అన్నది బొకాసా కిరీటం కంటే మనం తెలుసుకోవాల్సిన సంగతి. కాకపోతే ఇది నవ్వుకోడానికి పనికొచ్చే కథ కాదు, అంచేత ఎవరూ పెద్దగా చెప్పరు.

ముందు దేశం సంగతి. 6 లక్షల 22 వేల చదరపు కిలోమీటర్లు. మన పాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ లాంటివి రెండు పట్టగా ఇంకా మిగుల్తుంది. జనం మాత్రం అర కోటి అటూ ఇటూ. వజ్రాలున్నాయి, అడవులున్నాయి, యురేనియం ఉంది. జనానికి మాత్రం కూడు లేదు. ఫ్రెంచి దొరల కాలంలో దీన్ని ఉబాంగీ-షారీ అనేవాళ్ళు. 1899లో దొరలు ఈ నేలను ముక్కలు కోసి కంపెనీలకు రాసిచ్చారు. కంపెనీకి రబ్బరు కావాలి. మగవాడు అడవికెళ్ళి రబ్బరు తెచ్చేదాకా వాడి పెళ్ళాన్ని, పిల్లల్ని బందీలుగా కొట్టంలో పెట్టేవాళ్ళు. కొట్టాల్లోనే ఆకలికి చచ్చినవాళ్ళున్నారు. 1928లో గ్బాయా ప్రజలు తిరగబడితే అణచడానికి దొరలకి మూడేళ్ళు పట్టింది.

బార్తెలెమీ బొగాండా ఈ రబ్బరు కాలంలో పుట్టిన బిడ్డ. తల్లిని కంపెనీ కాపలా మనుషులు కొట్టి చంపారు. అనాథ పిల్లాణ్ణి మిషనరీలు చదివిస్తే 1938లో ఆ నేల మీద పుట్టినవాళ్ళలో మొట్టమొదటి కేథలిక్ ఫాదరీ అయ్యాడు. 1946లో పారిస్ పార్లమెంటుకి గెలిచాడు. 1949లో మెసాన్ అనే పార్టీ పెట్టాడు. ఒక ఫ్రెంచి ఆవిడను పెళ్ళి చేసుకుని ఫాదరీ అంగీ వదిలేశాడు. సాంగో భాషలో ఆయన ఇచ్చిన మాట ఒకటుంది: జో క్వే జో. మనిషన్న ప్రతివాడూ మనిషే అని అర్థం. ఈ మాట మన పాఠకులకి విడమర్చి చెప్పనక్కర్లేదు. మనిషిని మనిషిగా లెక్కగట్టని చోటే ఇలాంటి మాట నినాదం అవుతుంది. ఇవాళ అది ఆ దేశపు రాజచిహ్నం మీద రాసి ఉంది.

గూంబా ఈ బొగాండా మనిషి. 1926లో గ్రిమారిలో పుట్టాడు. నది ఒడ్డున బతికే బంజిరి అనే చిన్న తెగవాడు. ఈ తెగ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. వైద్యం చదివాడు. అయితే వలస పాలనలో వైద్యంలోనూ రెండు పంక్తులుండేవి. డకార్ బడిలో చదివినవాడు 'ఆఫ్రికన్ డాక్టరు'. ఫ్రాన్స్‌లో చదివినవాడు అసలు డాక్టరు. రోగం ఒకటే, రోగి ఒకడే, మందూ ఒకటే. హోదా వేరు, జీతం వేరు. గూంబా మొదటి పంక్తివాడు. 1957లో స్థానిక ప్రభుత్వ మండలి పెడితే అందులోనూ ఇదే వరస. అధ్యక్ష స్థానంలో తెల్ల గవర్నరు, ఉపాధ్యక్షుడుగా గూంబా. మరుసటేడు గవర్నరు పక్కకి జరిగాకే ఆయన మండలి అధ్యక్షుడయ్యాడు. 1958 డిసెంబరు 1న బొగాండా గణతంత్రం ప్రకటించాడు. గూంబా మంత్రి.

నాలుగు నెలలు తిరక్కముందే, 1959 మార్చి 29న, ఎన్నికలింకా వారం ఉందనగా బొగాండా ఎక్కిన విమానం కూలిపోయింది. ఎందుకు కూలిందో ఈనాటికీ తేలలేదు. ఆయన వారసుడెవరు? అనుభవం చూస్తే గూంబా, హోదా చూస్తే గూంబా. తాత్కాలికంగా ఆయనే ప్రభుత్వాధినేత అయ్యాడు. కానీ బాంగీలోని ఫ్రెంచి హైకమిషనరు రోజే బార్బెరోకి ఆయన నచ్చలేదు. బాంగీ వాణిజ్య మండలిలోని తెల్ల వర్తకులకి నచ్చలేదు. బొగాండా భార్యకీ నచ్చలేదు. వీళ్ళంతా డేవిడ్ డాకో అనే కుర్ర బడిపంతుల్ని ముందుకు తోశారు. అతనికున్న అర్హతల్లో పెద్దది, బొగాండాకి బంధువునని చెప్పుకోవడం. నెల తిరిగేసరికి అసెంబ్లీ డాకోకి పట్టం కట్టింది.

గూంబాలో దొరలకి నచ్చనిదేంటి? ఆయనేం తుపాకీ పట్టినవాడు కాదు. కంపెనీలు తగలబెడతానని అన్నవాడూ కాదు. నా లెక్క ప్రకారం ఆయన తప్పల్లా పని తెలిసినవాడు కావడం. పని తెలిసినవాడికి సలహాదారు అక్కర్లేదు. డాకోకి కావాలి. సలహాదారు పారిస్ నుంచి వస్తాడు. స్వాతంత్ర్యం ఇవ్వబోతున్న దొరకి కావాల్సింది అలాంటి వారసుడే. 1960 ఆగస్టు 13న స్వాతంత్ర్యం ఇచ్చారు, ఆ రోజే రక్షణ, సహకార ఒప్పందాలూ రాయించుకున్నారు.

గూంబా ఊరుకోలేదు. 1960లోనే మెడాక్ అని ప్రతిపక్ష పార్టీ పెట్టాడు. స్వాతంత్ర్యం వచ్చి ఆర్నెల్లు కాకముందే డాకో అణచివేత చట్టాలు చేయించి, మెడాక్‌ని రద్దు చేయించి, గూంబాని జైల్లో పెట్టాడు. 1962 కల్లా దేశంలో మిగిలింది ఒకే పార్టీ. మన పాఠ్యపుస్తకాల్లో వలస దేశాల ప్రజాస్వామ్యాన్ని సైనికులు చంపారని రాస్తారు. ఇక్కడ మాత్రం సైనికుడు వచ్చేసరికే శవం తయారుగా ఉంది. 1965 డిసెంబరు 31 రాత్రి బొకాసా వచ్చి దాన్ని మోసుకెళ్ళాడంతే.

జైలు తర్వాత ప్రవాసం. ఫ్రాన్స్ వెళ్ళి మళ్ళీ వైద్యం చదివాడు, ఈసారి 'అసలు' డాక్టరు. ప్రొఫెసరయ్యాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థలో చేరి రువాండాలో, తర్వాత బెనిన్‌లో పనిచేశాడు. సొంత దేశంలో పిల్లలు మలేరియాకి చస్తుంటే ఆ దేశపు డాక్టరు పరాయి దేశాల్లో వైద్యం చెప్పుకుంటూ బతికాడు. 1972లో బ్రజవిల్‌లో ఉబాంగీ దేశభక్త కూటమి పెట్టాడు. అది బయటి నుంచి చేసిన పని. లోపల బొకాసా రాజ్యం.

ఆ రాజ్యం ఎలా పోయిందో కూడా చూడండి. 1979 జనవరిలో, బొకాసా కుటుంబపు వ్యాపారంలో తయారైన యూనిఫారాలే కొనాలన్నందుకు బడిపిల్లలు వీధుల్లోకొచ్చారు. సైన్యం కాల్చింది. ఏప్రిల్లో పిల్లల్ని పట్టుకెళ్ళి ఎన్గరగ్బా జైల్లో చంపారు. 50 నుంచి 100 మంది దాకా చనిపోయారని ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ మే నెలలో బయటపెట్టింది. పారిస్‌లో బొకాసా రాయబారిగా ఉన్న సిల్వెస్త్ర్ బాంగీ అనే జనరల్ ఆ మాట నిజమేనని చెప్పి పదవికి రాజీనామా చేశాడు. రాయబారి అంటే ప్రభువు అబద్ధాన్ని ఇస్త్రీ చేసి చూపించేవాడని మనం అనుకుంటాం. ఈయన ఒక్కసారి ఆ పని మానేశాడు, చాలా తేడా వచ్చింది. ఐదు ఆఫ్రికా దేశాల న్యాయనిపుణులు విచారించి, ఆ హత్యల్లో బొకాసా స్వయంగా పాల్గొన్నట్టు దాదాపు ఖాయమని తేల్చారు. ఇంక ఫ్రాన్స్‌కి అతన్ని మోయడం బరువైంది. సెప్టెంబరు 20 రాత్రి, బొకాసా లిబియాలో ఉండగా, ఫ్రెంచి సైనికులు బాంగీలో దిగారు. విమానంలో తమతో ఎవర్ని తీసుకొచ్చారనుకుంటున్నారు? మళ్ళీ డేవిడ్ డాకోనే. ఇరవై ఏళ్ళ తర్వాత కూడా గూంబా వైపు చూడలేదు.

1981లో గూంబా తిరిగొచ్చి అధ్యక్ష ఎన్నికల్లో నిలబడితే నూటికి ఒకటిన్నర ఓట్లు కూడా రాలేదు. రెండు దశాబ్దాలు మనిషి కళ్ళబడకపోతే జనం మాత్రం ఏం చేస్తారు? ఆ ఏడు సెప్టెంబరులో జనరల్ కొలింగ్బా డాకోని దించాడు. 1982లో గూంబాని విశ్వవిద్యాలయానికి రెక్టరుగా వేసి, అదే ఏడాది జైల్లోనూ వేశాడు. 1990లో పార్టీలకు స్వేచ్ఛ కావాలన్నందుకు మళ్ళీ అరెస్టు. ఈ పదేళ్ళలోనే జనం ఆయన్ని గుర్తుపట్టారని నేననుకుంటాను. ఎందుకంటే 1993 ఎన్నికల్లో మొదటి విడత 21 శాతం పైన తెచ్చుకుని డాకోనీ, కుర్చీలో ఉన్న కొలింగ్బానీ వెనక్కి నెట్టాడు. ప్రజాస్వామ్య పక్షాల ఐక్యవేదిక ఆయన వెనక నిలబడింది. రెండో విడతలో నూటికి 45 పైన వచ్చాయి. గెలిచింది పతాసే. ఎవరనుకున్నారు? బొకాసా దగ్గర ప్రధానమంత్రి చేసిన మనిషి.

ఇక్కడ తెగ సంగతి. కొలింగ్బా తన యకోమా వాళ్ళతో సైన్యం నింపాడు. పతాసే వచ్చి ఉత్తరాది సారా వాళ్ళతో తన అంగరక్షక దళం కట్టుకున్నాడు. ఉత్తర, వాయవ్య ప్రాంతాల్లో జనాభా ఎక్కువ, ఓట్లూ ఎక్కువ. గూంబాది నది ఒడ్డు చిన్న తెగ. బారక్స్‌లో ఆయన మనిషంటూ లేడు. డబ్బు లేదు, సైన్యం లేదు, తల లెక్క లేదు. అలాంటివాడు దేశమంతటినీ కూడగట్టి సగానికి దగ్గరగా తెచ్చుకోవడం చిన్న సంగతి కాదు. ఓడిపోయాడని చెప్పేవాళ్ళు ఈ లెక్క చెప్పరు. అయితే ఆ ఓటు నిలబడలేదు. 1996 నుంచి సైన్యంలో తిరుగుబాట్లు మొదలయ్యాక రాజకీయం తెగల వారీగా చీలిపోయింది. 1999లో గూంబాకి వచ్చింది ఆరు శాతం, నాలుగో స్థానం.

2003 మార్చి 15న పతాసే విదేశంలో ఉండగా జనరల్ బొజీజే రాజధాని పట్టుకున్నాడు. రాజ్యాంగాన్ని పక్కన పడేశాడు. వారం తర్వాత ప్రధానమంత్రిని ప్రకటించాడు: అబెల్ గూంబా. వయసు 76.

ఎందుకు ఒప్పుకున్నాడు? ఆయన తరఫున చెప్పుకోవాల్సింది ఉంది. పతాసే తనని కాపాడుకోడానికి కాంగో నుంచి బెంబా మూకల్ని పిలిపించాడు. వాళ్ళు బాంగీ ఇళ్ళల్లో దూరి దోచారు, ఆడవాళ్ళని చెరిచారు. ఉద్యోగులకి నెలల తరబడి జీతాల్లేవు. బొజీజే వస్తే జనం వీధుల్లోకొచ్చి స్వాగతం పలికారు. అలాంటప్పుడు, నాకు ఓట్లతోనే రావాలి, ఇలా రాను అని ఇంట్లో కూచోవడం ఏం న్యాయం అని ఆయన అనుకుని ఉండొచ్చు. మంత్రివర్గంలో అన్ని పక్షాల వాళ్ళకీ చోటిచ్చారు. ఆ సెప్టెంబరు, అక్టోబరుల్లో జాతీయ సంప్రదింపులు జరిగాయి. ఇదంతా నిజమే.

అయినా ఆయన ఒప్పుకోకూడదనే నేనంటాను. పదవి మోజుతో వెళ్ళాడని కాదు, 76 ఏళ్ళ ముసలాయనకి మోజేంటి? జనరల్‌కి తుపాకీ ఉంది, కానీ పేరు లేదు. పేరు గూంబా దగ్గరుంది, 44 ఏళ్ళు జైల్లో, ప్రవాసంలో, ఓటమిలో కూడబెట్టుకున్నది. ఆ పేరు చూసే బయటి దేశాలు, దాతలు ఈ ప్రభుత్వంతో మాట్లాడ్డానికి సిద్ధపడతాయని జనరల్‌కి తెలుసు. 1959లో గూంబాకి కుర్చీ వేసి తీసేసింది హైకమిషనరు. 2003లో వేసింది జనరల్. వేసినవాడు తీసెయ్యగలడు. ఈ సంగతి ఆయనకంటే బాగా తెలిసినవాళ్ళు ఆ దేశంలో ఇంకెవరున్నారు? ఒప్పుకునేముందు ఎన్నికల్లో జనరల్ నిలబడకూడదని ఒక్క షరతు బహిరంగంగా పెట్టి, జనం ముందు మాట తీసుకుని ఉంటే, ఆ మాట తప్పినరోజు బయటికి రావడానికి దారి ఉండేది.

తొమ్మిది నెలలు కూడా గడవలేదు. డిసెంబరులో ప్రధాని పదవి తీసేసి బ్యాంకు ఉద్యోగం నుంచి వచ్చిన గావోంబలేకి ఇచ్చారు. గూంబాని ఉపాధ్యక్షుడన్నారు. పేరు పెద్దది, చేతిలో ఏమీ లేదు. 2005 మార్చి 13న అధ్యక్ష ఎన్నికలు. జనరల్ బొజీజే అభ్యర్థి. తన సొంత ఉపాధ్యక్షుడు గూంబా కూడా అభ్యర్థి. ఓట్లు లెక్కపెట్టడం ఇంకా పూర్తి కాలేదు, మార్చి 15న ఆయన్ని ఉపాధ్యక్ష పదవి నుంచి తీసేస్తూ ఉత్తర్వు వచ్చింది. ఓట్లు రెండున్నర శాతం. మొదటి విడత లెక్క చూస్తే 1993లో 21, 1999లో 6, ఇప్పుడు రెండున్నర. ఆ పేరుని వాడుకుని అయిపోగొట్టారు.

మరుసటేడు అదే బొజీజే ఆయన్ని జాతీయ మధ్యవర్తిగా వేశాడు, ఆయన వెళ్ళాడు కూడా. ఈ చివరి పదవి గురించి రాయడానికి నాకు చెయ్యి ఆడటం లేదు. 2009 మే 11న బాంగీలో 82 ఏళ్ళ వయసులో చనిపోయాడు. బొజీజేని 2013లో ఇంకో తిరుగుబాటు సైన్యం తరిమేసింది. ఆ గొడవలో బాంగీ మళ్ళీ కాలింది.

గూంబా తన జ్ఞాపకాలు ఫ్రెంచిలో రాశాడు. 1959 తర్వాతి సంగతులు చెప్పే రెండో భాగం పేరులో, తన మీద డాకో నడిపించిన కేసుని సిగ్గుమాలిన విచారణ అన్నాడు. ఆ పుస్తకాల పేరులోనే తనెవరో కూడా చెప్పుకున్నాడు: వలసపాలనని ఎదిరించినవాడు, ప్రజాస్వామ్యవాది, ఆఫ్రికా ఐక్యతా కార్యకర్త. ప్రధానమంత్రి అన్న మాట అందులో లేదు, ఉపాధ్యక్షుడన్న మాటా లేదు.