జైలును కాపాడుకున్నాం, మరి బజారు సంగతేంటి?

వారసత్వ పరిరక్షణ మీద ప్రశ్న కనబడగానే మన పెన్ను తాజ్‌మహల్, హంపి, రామప్ప వైపు వెళ్లిపోతుంది. ఈసారి అండమాన్ వైపు చూడండి. శ్రీ విజయపురం (2024 వరకు పోర్ట్ బ్లెయిర్) అనగానే అందరికీ సెల్యులార్ జైలు గుర్తొస్తుంది. అక్కడి నుంచి నడిచి వెళ్లే దూరంలో ఉన్న అబర్డీన్ బజారు గుర్తు రాదు. నా అభిప్రాయం ఒక్కటే: ఈ రెండింటిలో జైలును మాత్రమే కాపాడితే సగం చరిత్రనే కాపాడినట్టు.

ఎందుకంటారా? అక్కడ శిక్షాస్థావరం 1858లోనే మొదలైంది. జైలు కట్టింది 1896-1906 మధ్య. ఖైదీలందరూ గదుల్లోనే మగ్గలేదు. కొంతకాలం శిక్ష అనుభవించి, మంచి నడవడిక చూపినవారికి సొంతంగా సాగు, వ్యాపారం చేసుకునే అనుమతి దొరికేది. అలా స్థిరపడినవారి వారసులే నేటి 'లోకల్ బార్న్' సమాజం. తర్వాత బెంగాలీలు, తమిళులు, మన ఉత్తరాంధ్ర వాళ్లు వచ్చారు. 2011 జనగణన ప్రకారం ద్వీపాల్లో 13 శాతం మంది మాతృభాష తెలుగే. జైలు శిక్ష గురించి చెబుతుంది. శిక్ష తర్వాత మనుషులు ఎలా బతికారో బజారు చెబుతుంది.

జైలుకైనా రక్షణ ఊరికే రాలేదు. 7 విభాగాల్లో మిగిలినవి 3. 1963లో ఆ ఆవరణలోనే ఆసుపత్రి వచ్చింది. మాజీ రాజకీయ ఖైదీలు పట్టుబట్టారు కాబట్టి మిగిలింది నిలిచి, 1979లో జాతీయ స్మారకమైంది. పాత దుకాణాల వరుస కోసం పట్టుబట్టేదెవరు? 1958 నాటి పురాతన కట్టడాల చట్టం, రాజ్యాంగంలోని 49వ అధికరణ ప్రధానంగా జాతీయ ప్రాముఖ్యం ఉన్నవాటి గురించే మాట్లాడతాయి.

ఎదుటి వాదన కూడా బలమైనదే. అండమాన్‌కు భూకంపాల ముప్పు తీవ్రం. 1941 భూకంపం జైలునే దెబ్బతీసింది. ఏడాదిలో చాలా నెలలు వానలు, దానికి తోడు ఉప్పు గాలి. ఇంజినీరింగ్ చదివినవాడిగా దీన్ని తేలిగ్గా తీసుకోలేను. పైగా మరమ్మతు ఖర్చు యజమానిది, ప్రయోజనం ఊరందరిది. ఈ లెక్క సరిచేయకుండా 'కూల్చొద్దు' అని ఉత్తర్వు ఇస్తే, భవనం దానంతటదే కూలే వరకు యజమాని ఎదురుచూస్తాడు.

అందుకే నిషేధం కన్నా ప్రోత్సాహం మేలు. అమెరికాలో చిన్న పట్టణాల పాత బజార్ల కోసం 1980లో 'మెయిన్ స్ట్రీట్' కేంద్రం ఏర్పడింది. గిరాకీ ఉంటేనే భవనం నిలుస్తుందన్నది దాని సూత్రం. ఆదాయం తెచ్చే చారిత్రక భవనాన్ని నిబంధనల ప్రకారం బాగుచేస్తే ఖర్చులో 20 శాతం పన్ను రాయితీ కూడా అక్కడ ఉంది. ముంబయిలో వారసత్వ భవనాల యజమానులకు బదిలీ చేసుకోగల అభివృద్ధి హక్కులు ఇచ్చే ఏర్పాటుంది. అబర్డీన్ బజారుకూ ఇదే దారి: ముందు జాబితా, తర్వాత పటిష్ఠత పరీక్ష. నిలబెట్టగలిగినవాటికి ముఖభాగం అలాగే ఉంచి లోపల బలపరచడం, ఆస్తి పన్నులో తగ్గింపు. ప్రాణాలకు ముప్పని తేలినవాటిని కొలతలు, ఫొటోలతో నమోదు చేసి తొలగించాల్సిందే.

ఈ వారం సాధన ప్రశ్న: 'వాడుకలో ఉన్న కట్టడమే బతికే కట్టడం.' చర్చించండి (250 పదాలు). మీ ఊరి పాత బజారునే ఉదాహరణగా తీసుకోండి. 51ఎ(ఎఫ్) మన వారసత్వాన్ని కాపాడే విధిని పౌరుల మీద పెట్టింది. రేపు సబ్ కలెక్టరుగా ఆ కూల్చివేత ఫైలు మీ టేబుల్ మీదికి వస్తే ఏం రాస్తారో, ఆ మాటతోనే ముగించండి.